ఘంటసాల వేంకటేశ్వరరావు

ఘంటసాల వేంకటేశ్వరరావు (డిసెంబర్ 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) తెలుగు చలనచిత్ర నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలో పుట్టి, విజయనగరంలో శాస్త్రీయ సంగీతం అభ్యసించి, మద్రాసులో చిత్రరంగ ప్రవేశం చేసి, సుమారు మూడు దశాబ్దాలపాటు తెలుగు సినిమా పాటకు ప్రధాన స్వరంగా నిలిచాడు. పాటలతోపాటు పద్యం పాడే పద్ధతిలో ఈయన తెచ్చిన మార్పు తెలుగు సంగీత చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. నాటక రంగస్థలం మీది రాగయుక్తమైన పద్యాన్ని, రేడియో గ్రామఫోనుల ద్వారా వచ్చిన లలిత సంగీతాన్ని కలిపి ఈయన ఒక కొత్త బాణీని రూపొందించాడు. ఆ బాణీయే తరువాత సినిమా పద్యానికి ప్రమాణమైంది.

జననం, బాల్యం

ఘంటసాల 1922 డిసెంబర్ 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో సూర్యనారాయణ (సూరయ్య), రత్తమ్మ దంపతులకు జన్మించాడు. చౌటపల్లి ప్రస్తుతం కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు మండలంలో ఉంది. ఘంటసాల అనేది ఇంటిపేరు. ఇదే పేరుతో కృష్ణా జిల్లాలో ప్రాచీన బౌద్ధ క్షేత్రమైన ఒక గ్రామం కూడా ఉంది.

తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ భజనలు చేసేవాడు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. కుమారుని భుజంపై ఎక్కించుకొని సంగీత సభలకు తీసుకొని వెళ్ళేవాడు. తండ్రి తరంగం పాడుతుండగా బాలుడు దానికి నాట్యం చేసేవాడు. చూసినవారు ముచ్చటపడి అతనిని బాలభరతుడని పిలిచేవారు. కూచిపూడి, మొవ్వ వంటి గ్రామాలకు దగ్గరలో పెరిగిన పిల్లవానికి పాట, ఆట, భజన వేరువేరు విద్యలుగా కనిపించే అవకాశం తక్కువ. అవన్నీ ఒకే రాత్రి ఒకే పందిట్లో జరిగేవి.

ఘంటసాలకు పదకొండవ ఏట తండ్రి మరణించాడు. మంచి సంగీత విద్వాంసుడు కావాలన్నది తండ్రి చివరి కోరిక. తరువాత కుటుంబ బాధ్యతను మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య తీసుకున్నాడు.

కృష్ణా డెల్టాలో రంగస్థల పద్యం

ఘంటసాల బాల్యంలో కృష్ణా డెల్టాలో అత్యంత ప్రజాదరణ గల సంగీతం నాటక పద్యం. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తై, కాలువలు రావడంతో డెల్టా గ్రామాలలో వరి పంట స్థిరపడింది. పంట ఇంటికి వచ్చిన తరువాత తీరుబడి, చేతిలో కొంత డబ్బు ఉండేవి. జాతరలకు, తిరునాళ్ళకు, పండుగలకు నాటకాలు ఆడించడం ఊరికి గౌరవంగా భావించేవారు. మైలవరం జమీందారు పోషణలో నడిచిన నాటక సమాజం, బందరులోని ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ ఈ ప్రాంతంలో పేరు పొందినవి. తరువాతి కాలంలో పాతాళభైరవి, మాయాబజార్ చిత్రాల రచయితగా ప్రసిద్ధుడైన పింగళి నాగేంద్రరావు బందరు కంపెనీకి నాటకాలు వ్రాసినవాడే.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం వంటి నాటకాలలోని పద్యాలు చదువురానివారికి సైతం కంఠస్థంగా ఉండేవి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి మచిలీపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. ఒకే రాత్రి ఒకే నాటకంలో కృష్ణుని పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు వంతులవారీగా ధరించడం, ప్రేక్షకులు వారి గానాన్ని పోల్చి చూడడం ఆనవాయితీగా ఉండేది.

ఈ రంగస్థల పద్యానికి కొన్ని స్థిరమైన లక్షణాలు ఉన్నాయి. మైకులు లేని రోజులలో చివరి వరుసలోని ప్రేక్షకునికి వినిపించాలి కాబట్టి నటుడు హెచ్చు శ్రుతిలో, తారస్థాయిలో పాడేవాడు. హార్మోనియం అతనిని అనుసరించేది. పద్యానికి తాళం ఉండదు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, సీసం వంటి ఛందస్సుల నడకే దానికి ఆధారం. పద్యం ముగింపులో సుదీర్ఘమైన రాగాలాపన చేయడం, ప్రేక్షకులు వన్స్ మోర్ అనగానే అదే పద్యాన్ని మరొకసారి ఎత్తుకోవడం సర్వసాధారణం. నటుని గొప్పతనాన్ని చాలాసార్లు ఆ రాగం పొడవుతోనే కొలిచేవారు. ఇందువలన పద్యానికి సంగీత వైభవం చేకూరింది. అయితే పాత్ర మనఃస్థితి, పద్యం అర్థం రాగాలాపన వెనుక మరుగున పడే సందర్భాలు కూడా ఏర్పడ్డాయి.

విజయనగరంలో విద్యాభ్యాసం

తండ్రి మరణం తరువాత ఘంటసాల కొందరు విద్వాంసుల ఇళ్ళలో పనులు చేస్తూ సంగీతం నేర్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆ మార్గంలో ఆశించిన విద్య లభించలేదు. చివరకు తన వద్ద ఉన్న ఉంగరాన్ని అమ్మి, వచ్చిన సొమ్ముతో విజయనగరం చేరుకున్నాడు. అప్పుడు అక్కడి మహారాజా సంగీత కళాశాలకు ప్రముఖ వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు అధ్యక్షుడు.

విజయనగరంలో ఘంటసాలకు ఆశ్రయమిచ్చి విద్య చెప్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన గురువుగారుగా ప్రసిద్ధుడైన ఈయన ప్రతిఫలం ఆశించకుండా శిష్యునికి సంగీతం నేర్పాడు. భోజనానికి మాత్రం ఘంటసాల జోలె కట్టుకొని ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. సీతారామశాస్త్రి సాహిత్య భావానికి ప్రాధాన్యమిచ్చే గాయకుడు. అక్షరం చెదరకుండా, అర్థం వినిపించేలా పాడాలన్న నియమం శిష్యుని గానంలో చివరివరకు కనిపిస్తుంది.

కళాశాలలో చదువు పూర్తిచేసుకొని ఘంటసాల స్వగ్రామం ప్రాంతానికి తిరిగి వచ్చాడు. ఉత్సవాలలో, భజనలలో పాడుతూ, పిల్లలకు సంగీత పాఠాలు చెబుతూ కొంతకాలం గడిపాడు. ఈ కాలంలో డెల్టాలోని నాటక పద్యం ఆయనకు మరింత సన్నిహితమైంది. శాస్త్రీయ శిక్షణ ఉన్న గాత్రంతో, నాటక పద్యాన్ని ప్రాణంగా భావించే ప్రేక్షకుల మధ్య జీవించడం ఆయన తరువాతి కృషికి పునాది అయింది.

స్వాతంత్ర్యోద్యమం, వివాహం

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్న ఘంటసాల అరెస్టయి, బళ్ళారిలోని అలీపూర్ జైలులో సుమారు 18 నెలలు శిక్ష అనుభవించాడు.

1944 మార్చి 4న సావిత్రితో ఈయన వివాహం జరిగింది. ఆమెది కృష్ణా పశ్చిమ డెల్టాలోని పెదపులివర్రు గ్రామం. అప్పటి గుంటూరు జిల్లాకు చెందిన ఈ గ్రామం 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉంది. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య (సముద్రాల సీనియర్) స్వగ్రామం కూడా ఇదే. అక్కడ ఘంటసాల గానం విన్న సముద్రాల ఆయనను మద్రాసు రమ్మని ప్రోత్సహించాడు. ఘంటసాల చిత్రరంగ ప్రవేశానికి ఈ పరిచయమే కారణం.

మద్రాసు ప్రవేశం, లలిత సంగీతం

మద్రాసులో తొలిరోజులలో ఘంటసాల చాలా ఇబ్బందులు పడ్డాడు. బృందగానాలలో గొంతు కలపడం, చిత్రాలలో చిన్న వేషాలు వేయడం వంటి పనులు చేశాడు. ఘంటసాల బలరామయ్య దర్శకత్వంలో వచ్చిన సీతారామ జననం (1944) వాటిలో ఒకటి. ఇంటిపేరు ఒకటే అయినా బలరామయ్య, వేంకటేశ్వరరావు వేరువేరు వ్యక్తులు. బి.ఎన్.రెడ్డి దర్శకత్వం వహించిన స్వర్గసీమ (1945)లో భానుమతితో కలిసి పాడడం నేపథ్య గాయకుడిగా ఈయనకు తొలి గుర్తింపునిచ్చింది.

సినిమాలతోపాటు మద్రాసు రేడియో కేంద్రంలోనూ, గ్రామఫోను రికార్డులకూ ఘంటసాల పాడాడు. 1938లో ప్రారంభమైన మద్రాసు రేడియో కేంద్రం లలిత సంగీతం అనే కొత్త ప్రక్రియకు వేదికగా మారింది. సాలూరి రాజేశ్వరరావు, బాలాంత్రపు రజనీకాంతరావు, రావు బాలసరస్వతీదేవి మొదలైనవారు ఈ ప్రక్రియను తీర్చిదిద్దారు. వీరిలో రజనీకాంతరావు తరువాత విజయవాడ ఆకాశవాణి కేంద్ర సంచాలకుడిగా పనిచేశాడు.

లలిత సంగీతంలో రాగఛాయ ఉంటుంది కాని రాగ విస్తరణ ఉండదు. గీతం చిన్నది. భావం ముఖ్యం. బాణీ మాటలకు తగినట్లు ముందుగానే స్థిరపడి ఉంటుంది. గాయకుడు మైకు ముందు నిలబడి, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నంత మృదువుగా పాడవచ్చు. నాటకశాలలో పనికిరాని మంద్రస్థాయి రేడియోలో శ్రోత చెవికి సూటిగా చేరుతుంది. 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డుకు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల కాలపరిమితి మాత్రమే ఉండడంవలన సంక్షిప్తత కూడా తప్పనిసరి అయింది.

రెండు బాణీల మేళవింపు

తొలి తెలుగు టాకీలలో నటులే పాడుకొనేవారు. వారిలో అనేకులు నాటక రంగం నుండి వచ్చినవారు కావడంతో రంగస్థల పద్యం యథాతథంగా తెరకెక్కింది. 1940లలో నేపథ్య గానం స్థిరపడిన తరువాత నటించేవారు, పాడేవారు వేరయ్యారు. పాడరాని నటుడు కూడా కథానాయకుడు కాగలిగాడు. అప్పుడు పద్యం భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. నటుని గానప్రతిభను ప్రదర్శించడానికి ఉద్దేశించిన పద్యం, ఆ నటుడు పాడనప్పుడు ఎందుకు ఉండాలి? సమీప దృశ్యంలో పెదవుల కదలిక సైతం కనిపించే తెరమీద నిమిషాల తరబడి రాగాలాపన ఎలా ఇముడుతుంది? పాశ్చాత్య బాణీలు, హిందీ సినిమా వరుసలు ప్రవేశిస్తున్న ఆ దశలో పద్యం సినిమా నుండి పూర్తిగా తొలగిపోయే అవకాశం ఉండేది.

ఈ సమస్యకు ఘంటసాల గానం పరిష్కారం చూపింది. నాటక పద్యం నుండి ఆయన స్వీకరించినవి: తాళం లేని స్వేచ్ఛ, ఛందస్సు నడక, రాగం ద్వారా రసాన్ని నిలపడం, వీరరౌద్రాలలో తారస్థాయి. లలిత సంగీతం నుండి స్వీకరించినవి: సంక్షిప్తత, మైకుకు తగిన మృదుత్వం, మంద్రస్థాయి, భావానికి లోబడిన సంగతులు.

ఈ మేళవింపు ముఖ్యంగా నాలుగు అంశాలలో కనిపిస్తుంది.

1. పదవిభజన: తెలుగు పద్యంలో వాక్యం పాదం చివర ముగియవలసిన పనిలేదు. అర్థం ఒక పాదం నుండి మరొక పాదానికి సాగిపోతుంది. యతిస్థానం ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14. పాదాంతంలోనో, యతి వద్దనో యాంత్రికంగా ఆపితే అర్థం ముక్కలవుతుంది. ఘంటసాల ఎక్కువగా అర్థం ముగిసినచోట ఊపిరి తీసుకొనేవాడు. దీనివలన దీర్ఘ సమాసాలున్న పద్యం కూడా మొదటిసారి వినేవారికి బోధపడేది.

2. ఆలాపన: పద్యానికి ముందు వచ్చే రాగం సన్నివేశానికి నాంది పలికేంతవరకు, చివర వచ్చే రాగం భావం ముగిసేంతవరకు మాత్రమే ఉండేవి.

3. స్థాయి: కోపం, సవాలు ఉన్న పద్యాలలో తారస్థాయికి వెళ్ళినా, శోకం, ప్రార్థన, అనునయం ఉన్నచోట గొంతును తగ్గించేవాడు. ఒకే పద్యంలో ఈ రెండూ కనిపించడం అరుదు కాదు.

4. పాత్రోచితం: ఎన్.టి.రామారావుకు, అక్కినేని నాగేశ్వరరావుకు ఆయా నటుల మాట తీరును గమనించి గొంతును మలచుకొనేవాడు. ఈ ఇద్దరు నటులూ గుడివాడ పరిసరాలకు చెందినవారే. రామారావుది నిమ్మకూరు, నాగేశ్వరరావుది రామాపురం. ఇద్దరికీ నాటకానుభవం ఉంది. ఒకే ప్రాంతపు ఉచ్చారణ, ఒకే నాటక సంప్రదాయం ఎరిగిన ముగ్గురు కలవడంవలన తెరమీద గొంతు, ముఖం అతికినట్లు అనిపించాయి.

పాశ్చాత్య సంగీతంతో పోలిక

రెండు సంగీత ప్రక్రియలు కలిసి మూడవది ఏర్పడడం ఇతర దేశాలలో కూడా జరిగింది. 1950లలో అమెరికాలో నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్, గ్రామీణ శ్వేతజాతీయుల కంట్రీ సంగీతం మొదలైనవాటి నుండి రాక్ అండ్ రోల్ పుట్టింది. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, బలమైన లయ దీని లక్షణాలు. అందరూ పాడుకోగల సులభమైన వరుస, చిన్న నిడివి, మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి పాప్ సంగీత లక్షణాలు. మొదటిదాని ఊపును, రెండవదాని మాధుర్యాన్ని కలిపినదే పాప్ రాక్. 1960లలో ఇంగ్లాండుకు చెందిన బీటిల్స్ బృందం పాటలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు.

పాప్ రాక్ నుండి లయబలాన్ని తొలగిస్తే మామూలు పాప్ మిగులుతుంది. సులభమైన పల్లవిని తొలగిస్తే రాక్ మిగులుతుంది. రెండూ ఉన్నప్పుడే దానికి ఆ పేరు చెల్లుతుంది. ఘంటసాల పద్యానికి కూడా ఇదే కొలత వర్తిస్తుంది. ఛందస్సును, రాగస్వేచ్ఛను తీసివేస్తే అది లలితగీతం. మృదుత్వాన్ని, సంక్షిప్తతను తీసివేస్తే తిరిగి నాటక పద్యం. ఒక తేడా మాత్రం ఉంది. పాప్ రాక్ అన్నది ఎందరో కళాకారుల పాటలకు వర్తించే ప్రక్రియ పేరు. తెలుగు మిశ్రమానికి అటువంటి పేరు ఏర్పడలేదు. ఘంటసాల బాణీ అని వ్యక్తి పేరుతోనే అది నిలిచింది.

సంగీత దర్శకత్వం

గాలి పెంచల నరసింహారావుతో కలిసి బాలరాజు (1948) చిత్రానికి పనిచేసిన ఘంటసాల, 1949లో వచ్చిన కీలుగుర్రం, మనదేశం చిత్రాలతో సంగీత దర్శకుడిగా పేరు పొందాడు. కీలుగుర్రం చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించినవాడు కృష్ణా జిల్లాకు చెందిన మీర్జాపురం రాజా. మనదేశం ఎన్.టి.రామారావుకు మొదటి చిత్రం. విజయా సంస్థ నిర్మించిన షావుకారు (1950), పాతాళభైరవి (1951) చిత్రాలతో ఘంటసాల స్థానం సుస్థిరమైంది. సి.ఆర్.సుబ్బరామన్ సంగీతం కూర్చిన దేవదాసు (1953)లో పాడిన పాటలు గాయకుడిగా ఆయన కీర్తిని మరింత పెంచాయి.

మాయాబజార్ (1957)కు మొదట సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకోగా, మిగిలిన పనిని ఘంటసాల పూర్తిచేశాడు. రంగస్థల పౌరాణికం, లలిత సంగీతం ఒకే చిత్రంలో ఇమిడిపోయిన తీరుకు ఇది చక్కని ఉదాహరణ.

లవకుశ (1963) పూర్తిగా రంగులలో నిర్మించిన తొలి తెలుగు చిత్రం. పాటలతోపాటు పెద్ద సంఖ్యలో పద్యాలున్న ఈ చిత్రానికి ఘంటసాల సంగీతం సమకూర్చాడు. లవకుశులకు పి.సుశీల, పి.లీల పాడారు. పద్యాలు ఎక్కువైతే ప్రేక్షకులు విసుగు చెందుతారన్న భయానికి ఈ చిత్రం ఘనవిజయం సమాధానమైంది.

రహస్యం (1967)లోని గిరిజా కళ్యాణం యక్షగానాన్ని మల్లాది రామకృష్ణశాస్త్రి రచించాడు. చిన్నతనంలో తరంగాలకు ఆడిన ఘంటసాల కూచిపూడి సంప్రదాయానికి తగిన సంగీతాన్ని దీనికి కూర్చాడు.

నిర్మాతగా పరోపకారం (1953), సొంతవూరు (1956), భక్త రఘునాథ్ (1960) చిత్రాలు తీశాడు కాని ఆర్థికంగా ఇవి కలిసిరాలేదు.

ఇతర సంగీత దర్శకుల చిత్రాలలో పద్యాలు

ఘంటసాల పద్యగానం ఆయన స్వయంగా సంగీతం సమకూర్చిన చిత్రాలకు పరిమితం కాలేదు. కృష్ణా జిల్లాకే చెందిన పెండ్యాల నాగేశ్వరరావు, సుసర్ల దక్షిణామూర్తి ఈయన గాత్రాన్ని గొప్పగా ఉపయోగించుకున్నారు. పెండ్యాల సంగీతంలో వచ్చిన జగదేకవీరుని కథ (1961)లోని శివశంకరీ పాట దర్బారీ కానడ రాగంలో ఈయన శాస్త్రీయ శిక్షణకు నిదర్శనం. సుసర్ల సంగీతంలో వచ్చిన నర్తనశాల (1963)లో తిక్కన విరాటపర్వ పద్యాన్ని బృహన్నల పాత్రకు పాడాడు. 13వ శతాబ్దపు కావ్యపద్యం ఇరవయ్యవ శతాబ్దపు సినిమాహాలులో చదువులేని ప్రేక్షకునికి సైతం చేరడం చిన్న విషయం కాదు.

టి.వి.రాజు సంగీతం సమకూర్చిన శ్రీకృష్ణావతారం (1967)లో తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలను ఘంటసాల పాడాడు. ఇది ఆయన బాణీకి కఠినమైన పరీక్ష. ఈ పద్యాలను డెల్టా ప్రేక్షకులు ఎందరో నటుల గొంతులో విన్నారు. వాటి వరుసలు వారికి కంఠస్థం. వాటినే తక్కువ రాగంతో, ఎక్కువ స్పష్టతతో పాడి ఒప్పించడం ద్వారా ఘంటసాల రంగస్థలానికి, తెరకు మధ్య వంతెన వేశాడు. తరువాతి తరంలో చాలామందికి ఈ పద్యాలు మొదట సినిమా ద్వారానే పరిచయమయ్యాయి.

లాభనష్టాలు

ఈ మార్పులో లాభంతోపాటు నష్టం కూడా ఉంది. రంగస్థల నటుడు ప్రతి ప్రదర్శనలోనూ పద్యాన్ని కొత్తగా పాడేవాడు. ప్రేక్షకుల స్పందనను బట్టి రాగాన్ని పెంచేవాడు, కుదించేవాడు. రికార్డయిన పద్యానికి ఆ స్వేచ్ఛ లేదు. ఒక్కసారి పాడినదే శాశ్వతరూపం. ఊరూరికీ, నటునికీ నటునికీ మారే బాణీల వైవిధ్యం తగ్గి, అందరూ ఒకే వరుసను అనుకరించే స్థితి వచ్చింది. రంగస్థలంపై పాడేవారు సైతం సినిమా వరుసను అనుసరించడం మొదలుపెట్టారు.

మరొకవైపు, నాటక సమాజాలు క్షీణిస్తున్న కాలంలో పద్యాన్ని లక్షలాది శ్రోతల నోట నిలిపినది కూడా ఈ బాణీయే. ఘంటసాల తరువాత మాధవపెద్ది సత్యం, వి.రామకృష్ణ, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం వంటి గాయకులు సినిమాలలో పద్యాన్ని కొనసాగించారు. పౌరాణిక చిత్రాలు తగ్గిపోవడంతో పద్యానికి సినిమాలలో అవకాశం కూడా తగ్గింది.

ప్రైవేటు రికార్డులు, భగవద్గీత

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలను ఘంటసాల గ్రామఫోను రికార్డులుగా పాడాడు. నాటకం, సినిమా రెండింటితో సంబంధం లేకుండా పద్యం తనంత తానుగా శ్రోతలను ఆకట్టుకోగలదని ఈ రికార్డులు నిరూపించాయి.

తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకుడిగా ఘంటసాల భక్తిగీతాలు పాడాడు. శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం (1960) చిత్రంలో గాయకుడిగానే తెరపై కూడా కనిపించాడు. జీవిత చరమదశలో భగవద్గీత నుండి ఎంపిక చేసిన శ్లోకాలను, వాటి తెలుగు తాత్పర్యంతో సహా, స్వయంగా సంగీతం కూర్చి గానం చేశాడు. ఈ రికార్డు ఆయన మరణానంతరం విడుదలైంది. సంస్కృత శ్లోకం పాడే తీరులోనూ పద్యంలో పాటించిన పదవిభజన, మితమైన రాగమే కనిపిస్తాయి.

పురస్కారాలు, విదేశీ పర్యటన

1970లో భారత ప్రభుత్వం ఘంటసాలను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 1971లో ఈయన ఇంగ్లాండు, జర్మనీ, అమెరికా దేశాలలో పర్యటించి ప్రవాసాంధ్రుల సభలలో పాడాడు. 2003లో భారత తపాలా శాఖ ఈయన స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

మరణం

ఘంటసాల కొన్నేళ్ళపాటు మధుమేహంతో బాధపడ్డాడు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి రావడంతో ఆసుపత్రిలో చేరాడు. కోలుకున్న తరువాత తిరిగి పాడడం ప్రారంభించి భక్త తుకారాం, జీవన తరంగాలు (1973) వంటి చిత్రాలకు పాడాడు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 51 సంవత్సరాలు. ఆయన పాడిన అల్లూరి సీతారామరాజు చిత్రం అదే సంవత్సరం మే నెలలో, ఆయన మరణానంతరం విడుదలైంది.

కృష్ణా డెల్టాలో స్మృతి

విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఘంటసాల వేంకటేశ్వరరావు పేరు పెట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొదటి ప్రధానాచార్యుడిగా పనిచేసిన కళాశాల ఇది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యపరంపరకు కేంద్రమైన విజయవాడ నగరంలో, సినీగాయకుని పేరు శాస్త్రీయ సంగీత కళాశాలకు ఉండడం రెండు సంప్రదాయాల మధ్య ఆయన స్థానాన్ని సూచిస్తుంది.

కృష్ణా డెల్టాలోని గ్రామాలలో ఘంటసాల పాటలు, పద్యాలు పోటీలలో, పాఠశాల వార్షికోత్సవాలలో, దేవాలయాల మైకులలో నేటికీ వినిపిస్తాయి. ఆయన పాడిన భగవద్గీత తెలుగునాట మరణం సంభవించిన ఇళ్ళ వద్ద, అంతిమయాత్ర వాహనాలలో వేయడం ఆచారంగా మారింది. అందువలన ఆ రికార్డు వినిపించగానే ఎవరో చనిపోయారని భావించేవారు ఎక్కువయ్యారు. యుద్ధరంగంలో నిలబడిన మనిషికి కర్తవ్యాన్ని బోధించే శ్లోకాలను, ఆరోగ్యం క్షీణిస్తున్న దశలో ఎంతో శ్రద్ధతో పాడిన గాయకుని కృషి కేవలం మరణ సూచికగా మిగలడం శోచనీయం.

సంగీత దర్శకత్వం వహించిన కొన్ని చిత్రాలు

* కీలుగుర్రం (1949)
* మనదేశం (1949)
* షావుకారు (1950)
* పాతాళభైరవి (1951)
* పెళ్ళిచేసి చూడు (1952)
* చంద్రహారం (1954)
* మాయాబజార్ (1957)
* శాంతినివాసం (1960)
* గుండమ్మ కథ (1962)
* లవకుశ (1963)
* పాండవ వనవాసం (1965)
* పరమానందయ్య శిష్యుల కథ (1966)
* రహస్యం (1967)